గట్టు మీద నుంచి గ్రౌండ్‌లోకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

‘ఇది నేనైతే వదిలేవాణ్ణి కాదు’, ‘ఆ బంతిని నేనైనా కొట్టేవాణ్ణి’ అని మ్యాచ్ చూస్తూ ఒక్కసారైనా అనని అభిమాని ఉండడు. ఆ మాటలో నిజమెంత అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒక తేడా మాత్రం ముందే మనసులో పెట్టుకోండి. బంతి మన చేతిలో ఉండి, మనకు వీలైనప్పుడు వదిలే పనులు ఒక రకం. ఎదుటివాడు వదిలిన బంతి మన మీదికి వచ్చే పనులు ఇంకో రకం. మొదటి రకంలో ఓపికున్న అభిమాని ప్రొఫెషనల్ దరిదాపులకు వెళ్లగలడు. రెండో రకంలో, మొహమాటం లేకుండా చెప్పాలంటే, వెళ్లలేడు.

ప్రశ్న: బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో (ఎదుటి జట్టు ఫౌల్ చేస్తే గీత దగ్గర నిలబడి వేసే బంతి) వేసేటప్పుడు అడ్డుకునేవాళ్లు ఉండరు, పరుగెత్తే పని లేదు. అయినా పెద్ద పెద్ద ఆటగాళ్లు నాలుగింట ఒకటి తప్పుతున్నారు. రోజూ సాధన చేస్తే నాలాంటివాడు వాళ్లతో సమానంగా వేయలేడా?

జవాబు: వేయగలడు. ఇంత ధైర్యంగా ఔనని చెప్పగలిగే ప్రశ్నలు తక్కువే వచ్చాయి. 1993లో టామ్ ఆంబెర్రీ అనే అమెరికన్ తన 71వ ఏట వరసగా 2,750 ఫ్రీ త్రోలు వేశారు, మధ్యలో ఒక్కటీ తప్పలేదు. ఆయన వృత్తి పాదాల వైద్యం. కుర్రతనంలో కాలేజీ జట్టుకు ఆడారు గానీ ప్రొఫెషనల్ కాలేదు. 1996లో టెడ్ సెయింట్ మార్టిన్ ఆ లెక్కను 5,221కి తీసుకెళ్లారు. మరోవైపు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలోనే మహా బలశాలి అయిన షకీల్ ఓనీల్ కెరీర్ మొత్తమ్మీద వేసింది 52.7 శాతం. లీగ్ సగటు 75 శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే ఇక్కడ ఒడ్డూ పొడుగూ, చురుకూ కాదు, ఒకే కదలికను అచ్చుగుద్దినట్టు మళ్లీ మళ్లీ చేయడమే పని.

కొలతలు తెలిస్తే సాధన తేలికవుతుంది. గీత నుంచి బోర్డుకు దూరం 4.6 మీటర్లు, రిమ్ (బంతి పడాల్సిన ఇనుప వలయం) ఎత్తు 3.05 మీటర్లు. రిమ్ లోపలి వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లు, పురుషుల బంతి వ్యాసం 24. చోటు చాలా ఉందనిపిస్తుంది కదా? అది పై నుంచి చూసినప్పుడు. బంతి 45 డిగ్రీల వాలుతో దిగితే దాని కంటికి రిమ్ 32 సెంటీమీటర్లే. 30 డిగ్రీలకు తగ్గితే 23 కూడా ఉండదు, బంతి రిమ్‌ను తాకకుండా లోపలికి పోవడం అసాధ్యం. కొత్తవాళ్లు తప్పడానికి మొదటి కారణం ఇదే: బంతిని రిమ్ వైపు విసురుతారు, పైకి ఎత్తరు. చేతి నుంచి బయల్దేరేటప్పుడే 50 డిగ్రీలకు పైగా ఉండాలి. ఫోన్‌తో పక్క నుంచి వీడియో తీసుకుంటే మీ బంతి ఎంత చదునుగా పోతోందో మీకే తెలుస్తుంది.

సాధన ఇలా చేయండి. కుడిచేతి వాటమైతే కుడి పాదం కాస్త ముందుకు, వేళ్లు రిమ్ వైపు. బంతి అరచేతిలో కాదు, వేళ్ల మీద ఉండాలి. మోచేయి బంతి కిందే ఉండాలి, పక్కకు పోకూడదు. ఎడమ చేయి బంతిని పట్టి ఉంచడానికే, దాని బొటనవేలు తోయకూడదు. మోకాళ్లు వంచి లేస్తూ, చివర్లో మణికట్టు ముందుకు వాల్చి వదలాలి. చూపుడువేలు, మధ్యవేలు చివరగా తాకితే బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది. అలా తిరిగే బంతి రిమ్‌కు తగిలినా వేగం చచ్చి లోపల పడే అవకాశం ఉంది. మొదట రిమ్‌కు మీటరున్నర దూరంలో నిలబడి ఒంటి చేత్తో వేయండి. వరసగా పది పడ్డాకే ఒక అడుగు వెనక్కి. గీత దాకా రావడానికి రెండు మూడు వారాలు పడితే పట్టనివ్వండి.

తప్పిన ప్రతి బంతినీ రెండు గడుల్లో రాసుకోండి: ‘ఎడమ-కుడి’, ‘పొట్టి-పొడుగు’. ఎడమ-కుడి తప్పులు మోచేయి, ఎడమ బొటనవేలు నుంచి వస్తాయి. వాటినే ముందు సరిచేయాలి. పొట్టిగా పడటం కాళ్లు వాడకపోవడం వల్ల, అలసట వల్ల. రెంటినీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ కుదరదు.

లెక్క కట్టేటప్పుడు వంద వేయండి. అయితే వరసగా కాదు. రెండు వేసి, గీత దాటి బయటికి నడిచి, మళ్లీ వచ్చి రెండు. మ్యాచ్‌లో ఎక్కువగా ఇలా జంటగానే వస్తాయి. వరసగా వేస్తే ముందు బంతి తప్పును చూసి తర్వాతిది దిద్దుకుంటారు, అంకె పెరుగుతుంది. అంతర్జాతీయ నిబంధనల్లో ఒక్కో త్రోకు 5 సెకన్లే గడువు, దాన్నీ పాటించండి. అన్నీ చేశాక కూడా ఒకటి మిగిలి ఉంటుంది. ఆటగాడు ఆ గీత మీదికి వచ్చేసరికి అరగంట పరుగెత్తి, భుజం మీద దెబ్బ తిని ఉంటాడు. కోర్టు రెండు చివరలకీ నాలుగు సార్లు పరుగెత్తొచ్చి రెండేసి వేయండి. తీరిగ్గా వేసిన 75 శాతం ఎంతకు దిగుతుందో చూశాక ఓనీల్ మీద కాస్త జాలి కలగొచ్చు.

రెండు చేతులతో కింది నుంచి వేసే పద్ధతి కూడా ఉంది. ఎన్‌బీఏ ఆటగాడు రిక్ బ్యారీ అలా వేసే కెరీర్‌లో దాదాపు 90 శాతం సాధించాడు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు అదే మంచిది. చూసేవాళ్లు నవ్వుతారని ఆటగాళ్లు మానేశారు గానీ పద్ధతిలో లోపం లేదు.

ప్రశ్న: గంటకు 140 కిలోమీటర్ల బంతికి కనీసం బ్యాట్ అడ్డం పెట్టడం కూడా సాధ్యం కాదా? కొట్టడం సంగతి వదిలేయండి, ఊరికే ఆపడం.

జవాబు: క్రీజ్ నుంచి క్రీజ్‌కు 17.68 మీటర్లు. 140 అంటే సెకనుకు 39 మీటర్లు. నేలకు తగిలాక వేగం కొంత తగ్గుతుంది కాబట్టి బంతి మీ దగ్గరికి రావడానికి దాదాపు అర సెకను. అందులో చూసిన దానికి శరీరం స్పందించడానికే 0.2 సెకను పోతుంది. బ్యాట్ కిందికి దించడానికి మరో 0.2. అంటే బంతి సగం దూరం రాకముందే ఎక్కడ పడుతుందో తేల్చుకుని, ముందుకా వెనక్కా అన్నది నిర్ణయించుకోవాలి. మిగిలిన సగంలో ఏం చూసినా చేయగలిగింది తక్కువే.

బ్యాటర్ల కళ్లు, రిఫ్లెక్స్‌లు మనకన్నా ఎన్నో రెట్లు చురుకని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. దీపం వెలగ్గానే బటన్ నొక్కే పరీక్షలో వాళ్లకూ మనకూ పెద్ద తేడా రాదు. తేడా అంతా ముందే చదవడంలో ఉంది. బౌలర్ మణికట్టు, భుజం వాలు, చేయి వదిలిన ఎత్తు, వీటి నుంచి బంతి లెంగ్త్ (పిచ్ మీద ఎక్కడ పడుతుందన్నది) వాళ్లకు బంతి బయల్దేరక ముందే సగం తెలిసిపోతుంది. అందరూ చెప్పే ‘బంతిని బ్యాట్ దాకా చూడు’ అన్న మాట కూడా అక్షరాలా జరగదు. మంచి బ్యాటర్ కళ్లు బంతి వదిలిన చోటును చూసి, అక్కడి నుంచి ఒక్క దూకులో బంతి పడబోయే చోటికి ముందే వెళ్లి కాచుకుంటాయి. ఆ దూకు ఎంత తొందరగా జరిగితే అంత మంచి బ్యాటర్.

దీనికి మంచి సాక్ష్యం బేస్‌బాల్‌లో ఉంది. 2004లో ఓ ప్రదర్శన మ్యాచ్‌లో సాఫ్ట్‌బాల్ పిచర్ (బంతి విసిరే క్రీడాకారిణి) జెనీ ఫించ్ కింది చేత్తో వేసిన బంతులకు ఆల్బర్ట్ పుహోల్స్ లాంటి మేటి హిట్టర్ అవుటైపోయాడు. ఆ బంతి అతను రోజూ ఆడే బంతికన్నా నెమ్మది. కానీ దగ్గర నుంచి వస్తుంది, కింది నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి నేర్చుకున్న ఆనవాళ్లేవీ అక్కడ పనికిరాలేదు.

ఇక మీ సంగతి. బౌలింగ్ మెషిన్ మీద 140 పెట్టి, అన్ని బంతులూ ఒకే చోట పడేలా చేస్తే, ఇరవై ముప్పై బంతుల తర్వాత కొన్నిటికి బ్యాట్ తగులుతుంది. ‘నేను ఆడేశాను’ అనిపిస్తుంది. అది ఆట కాదు, వేళ కుదరడం. బంతి ఎక్కడికొస్తుందో ముందే తెలుసు మరి. అదే మెషిన్ లెంగ్త్‌ను మీకు చెప్పకుండా మార్చమనండి, అప్పుడు తెలుస్తుంది. నేర్చుకోవాలనుకుంటే 90 దగ్గర మొదలుపెట్టి, ఓవర్‌కు నాలుగు బంతులు బ్యాట్ మధ్యలో తగిలాకే 5 కిలోమీటర్లు పెంచుతూ పోండి. మెషిన్ కన్నా సైడ్ ఆర్మ్‌తో (బంతిని పట్టి విసిరే పొడవాటి చెంచా లాంటి పరికరంతో) విసిరే మనిషి మేలు, చేయి కనిపిస్తుంది కాబట్టి.

వేగం పెరిగేకొద్దీ మూడు తప్పులు బయటపడతాయి. బంతి వదిలాక బ్యాట్ ఎత్తడం మొదటిది. వదిలే సమయానికే బ్యాట్ పైన ఉండాలి. భయంతో కాళ్లు లెగ్ సైడ్ జరగడం రెండోది, దాని ఫలితం ఆఫ్ స్టంప్ ఖాళీ. తల పక్కకు వాలడం మూడోది. తల వాలితే బంతి దారి తప్పుగా కనిపిస్తుంది, తిన్నగా వచ్చే బంతి కూడా ప్యాడ్‌కు తగులుతుంది.

లెదర్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. గ్రిల్ ఉన్న హెల్మెట్, గ్లవ్స్, ప్యాడ్లు, తొడ ప్యాడ్, అబ్డామెన్ గార్డ్ లేకుండా 100 దాటిన వేగానికి నిలబడొద్దు. తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. గ్రిల్‌కూ అంచుకూ మధ్య ఖాళీ బంతి కన్నా చిన్నగా ఉందో లేదో బంతితోనే చూసుకోండి.

ప్రశ్న: మరి పదకొండో నంబర్ బ్యాటర్ల మాటేమిటి? వాళ్లకన్నా మా వీధి కుర్రాళ్లు బాగా ఆడతారు కదా!

జవాబు: ఆడరు. న్యూజిలాండ్ బౌలర్ క్రిస్ మార్టిన్ 71 టెస్టుల్లో మొత్తం 123 పరుగులు చేశాడు, సగటు 2.36. తీసిన వికెట్లు 233. మన స్పిన్నర్ బి.ఎస్. చంద్రశేఖర్ కూడా అంతే, 58 టెస్టుల్లో 242 వికెట్లు, 167 పరుగులు. ఈ అంకెలు చూసి నవ్వుకునే ముందు వాళ్లు ఎవరిని ఎదుర్కొన్నారో గుర్తుంచుకోండి. ప్రపంచంలోని అగ్రశ్రేణి బౌలర్లు ఆఖరి వికెట్ కోసం యార్కర్లు వేస్తుంటే వచ్చిన పరుగులవి. అదే మనిషి మామూలు క్లబ్ మ్యాచ్‌కు దిగితే కథ వేరేగా ఉంటుంది. అంకెలు పోల్చాలంటే ఎదుట ఉన్న బౌలింగ్ ఒకటే అయి ఉండాలి.

ప్రశ్న: బౌలింగ్‌లో ఆరు బంతులు ఒకే చోట వేయలేకపోతున్నారని బౌలర్లను తిడుతుంటాం. వేగం అక్కర్లేదు, గురి మాత్రమే అయితే మనం వేయగలమా?

జవాబు: వేగం తగ్గించుకుంటే కొంతవరకు వేయగలరు. కానీ ఆ గురి ఎంత సన్ననిదో ముందు చూడండి. స్టంప్స్ మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు. చేయి వదిలే దిశ ఒక్క డిగ్రీ మారితే బంతి అవతలి చివరకు చేరేసరికి 30 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అంటే ఒక్క డిగ్రీతో మధ్య స్టంప్ మీది బంతి వికెట్‌నే వదిలేస్తుంది. లెంగ్త్ సంగతి ఇంకా ఘోరం. 120 వేగంతో వేసే బౌలర్ చేతిలో నిలువు కోణం ఒక్క డిగ్రీ మారితే బంతి పడే చోటు దాదాపు ఒక మీటరు జరుగుతుంది. రెండు డిగ్రీలు మారితే గుడ్ లెంగ్త్ కాస్తా హాఫ్ వాలీ (బ్యాటర్ ముందే పడి, తేలిగ్గా కొట్టదగ్గ బంతి) అయిపోతుంది.

పరీక్ష పెట్టుకోవాలంటే బ్యాటర్ వైపు స్టంప్స్ నుంచి 6 మీటర్ల దగ్గర మొదలయ్యేలా, 2 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో ఆఫ్ స్టంప్ వరసలో సున్నంతో ఓ పెట్టె గీయండి. స్పిన్ వేసేవాళ్లు 4 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. 5 ఓవర్లు వేసి, పెట్టెలో పడ్డవి లెక్కపెట్టండి. మొదటి ఓవర్ కాదు, అయిదో ఓవర్ అంకె చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది. గీత దాటితే నోబాల్, అది కూడా తప్పు కిందే రాయాలి. నెట్స్‌లో చాలామంది దీన్ని పట్టించుకోరు.

గురి చెదరడానికి ఎక్కువ కారణాలు చేతిలో ఉండవు, రనప్‌లో ఉంటాయి. అడుగులు లెక్కపెట్టి మొదలుపెట్టే చోట గుర్తు పెట్టండి. గుర్తు లేకపోతే చివరి రెండు అడుగులు సాగదీయడమో కుదించడమో జరుగుతుంది, బంతి వదిలే క్షణం మారిపోతుంది. ముందుగా వదిలితే ఫుల్ టాస్, ఆలస్యంగా వదిలితే పిచ్ మధ్యలో. రెండోది తల. వదిలేటప్పుడు తల పక్కకు వాలితే బంతి లెగ్ వైపు జారుతుంది.

ప్రశ్న: టెన్నిస్‌లో ప్రొఫెషనల్స్ డబుల్ ఫాల్ట్ (వరసగా రెండు సర్వీస్‌లూ తప్పడం) చేస్తుంటే ఆశ్చర్యమేస్తుంది. అంత పెద్ద బాక్సులో బంతి వేయలేరా?

జవాబు: బాక్సు పెద్దదే, పొడవు 6.4 మీటర్లు. అడ్డమల్లా మధ్యలో 91.4 సెంటీమీటర్ల నెట్. సర్వీస్ చేసే బేస్‌లైన్ నుంచి అవతలి సర్వీస్ లైన్‌కు (బాక్సు చివరి గీతకు) 18.28 మీటర్లు. బంతి గీత గీసినట్టు తిన్నగా పోతుందనుకుంటే, నెట్ పైనుంచి దాటి బాక్సులో పడాలంటే రాకెట్ బంతిని కనీసం 2.6 మీటర్ల ఎత్తులో కొట్టాలి. మామూలుగా మనిషి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఎత్తులో బంతి తగులుతుంది. 170 సెంటీమీటర్ల మనిషికి అది 2.55 మీటర్లు. అంటే అతనికి తిన్నటి దారే లేదు! భూమ్యాకర్షణ, బంతి తిరుగుడు, ఈ రెండే దాన్ని బాక్సులోకి వంచాలి. టీవీలో చూసినట్టు బలంగా, చదునుగా కొట్టేవాళ్ల బంతి నెట్‌లోకో గీత బయటికో పోవడానికి కారణం ఇదే.

ప్రొఫెషనల్స్ మొదటి సర్వీస్ 60–65 శాతం లోపల పడుతుంది, రెండోది 90 శాతం చుట్టూ. అభిమాని పోటీపడదగ్గది వేగంతో కాదు, ఈ రెండో సర్వీస్‌తో. కాంటినెంటల్ పట్టుతో, అంటే రాకెట్‌ను సుత్తిలా పట్టుకుని, బంతిని కిందికి కాకుండా పైకి దువ్వినట్టు కొట్టండి. నెట్‌కు 60–90 సెంటీమీటర్ల పైనుంచి పోవాలి. మొదట సరిచేయాల్సింది టాస్. కొట్టకుండా బంతిని ఊరికే ఎగరేసి వదిలేయండి. ముందరి పాదానికి ఒక అడుగు ముందు రాకెట్ పడుకోబెడితే బంతి దాని మీద పడాలి. పదింట ఎనిమిది పడేదాకా సర్వీస్ జోలికి పోవద్దు.

ప్రశ్న: బ్యాడ్మింటన్‌లో మాలాంటివాళ్లకు అందే నైపుణ్యం ఏదైనా ఉందా?

జవాబు: స్మాష్ గురించి అడగలేదు, సంతోషం. సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి పేరిట 2023లో గిన్నిస్‌లోకెక్కిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. మీకు అందేది డబుల్స్‌లో వేసే చిన్న సర్వీస్. ఎవరూ తొందరపెట్టరు, షటిల్ మీ చేతిలోనే ఉంటుంది.

నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. దానికి 15 సెంటీమీటర్ల పైన, రెండు స్తంభాల మధ్య ఒక దారం కట్టండి. షటిల్ నెట్‌కూ దారానికీ మధ్య నుంచి దూరి, అవతల 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీత మీదో, దాటిన వెంటనేనో పడాలి. అన్నిటికన్నా ఎత్తైన చోటు మీ వైపే ఉండి, నెట్ దాటేసరికి షటిల్ కిందికి దిగుతుండాలి. దాటాక కూడా లేస్తుంటే ఎదుటివాడు ముందుకు దూకి కొట్టేస్తాడు. బ్యాక్‌హ్యాండ్‌తో, బొటనవేలు పట్టు వెడల్పు వైపు ఆన్చి, షటిల్‌ను ఈకల చివర పట్టుకుని వదులుతూ తోయండి. కొట్టొద్దు, తోయండి. తాకే సమయానికి షటిల్ నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలన్నది నియమం. పక్కన ఒక కర్రకు గుర్తు పెట్టుకుంటే మోసపోరు. రోజుకు 50 చొప్పున నెలా రెండు నెలలు వేస్తే, ఎదురుగా ఎవరూ లేనప్పుడు, అంకె ప్రొఫెషనల్ అంకెకు దగ్గరగా రావడం అసాధ్యమేమీ కాదు. ఎదుటివాడు రాకెట్ ఎత్తుకుని నెట్ దగ్గర నిలబడ్డాక ఎంత తగ్గుతుందన్నదే అసలు పరీక్ష.

ప్రశ్న: ఫుట్‌బాల్ పెనాల్టీ?

జవాబు: 11 మీటర్లు, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. కీపర్ లేని గోల్‌లోకి ఎవరైనా కొడతారు. ప్రొఫెషనల్స్ కీపర్ ఎదురుగా ఉండగా నాలుగింట మూడుకు పైగా వేస్తారు. గంటకు 100 కిలోమీటర్ల బంతి గోల్‌కు చేరడానికి 0.4 సెకను, అందుకే కీపర్ బంతిని చూసి కాక, ముందే ఊహించి దూకుతాడు. మీ తుంటి ఎటు తిరిగింది, నేల మీద ఆనించిన పాదం ఎటు చూస్తోంది అన్నవే అతనికి ఆనవాళ్లు. కొత్తవాళ్ల ఆనించిన పాదం ఎప్పుడూ నిజమే చెబుతుంది.

ఒక్కో స్తంభం నుంచి మీటరు లోపలికి తాడు వేలాడదీయండి. ఏ వైపో ముందే బిగ్గరగా చెప్పి, తాడుకూ స్తంభానికీ మధ్య నుంచి 20 కొట్టండి. బంతి పైకి ఎగిరిపోతుంటే మీరు వెనక్కి వాలుతున్నట్టు. ఆనించే పాదం బంతికి పక్కనే ఉండాలి, వెనక కాదు.

ప్రశ్న: మారథాన్ వీరుల వేగంతో కనీసం ఒక రౌండ్ పరుగెత్తగలనా? నా వయసు 28, వారానికి మూడు రోజులు జాగింగ్ చేస్తాను.

జవాబు: ఒక రౌండ్ బహుశా పరుగెత్తగలరు. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ 42.195 కిలోమీటర్లను 2 గంటల 35 సెకన్లలో పూర్తి చేశాడు. అంటే గంటకు 21 కిలోమీటర్లు, 400 మీటర్ల రౌండ్‌కు 68.6 సెకన్లు. అలాంటివి నూట అయిదుకు పైగా. ట్రాక్ మీద ప్రతి 100 మీటర్లకు గుర్తు పెట్టి, ఒక స్నేహితుణ్ణి స్టాప్‌వాచ్‌తో నిలబెట్టండి: 17, 34, 51, 68. అందరూ చేసే తప్పు మొదటి వంద 14లో పరుగెత్తడం. అలా చేస్తే మూడో మలుపులో కాళ్లు రాయైపోతాయి. పావుగంట నెమ్మదిగా పరుగెత్తి, మధ్యలో నాలుగైదు చిన్న స్ప్రింట్లు తీసి ఒళ్లు వేడెక్కాకే మొదలుపెట్టండి, లేకపోతే తొడ వెనక కండరం పట్టేస్తుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ సరదా పెట్టుకోవద్దు.

రెండో రౌండ్ గురించి మీరు అడగలేదు, మేమూ చెప్పం.

ప్రశ్న: స్నేహితులం పందెం కట్టుకున్నాం. పదింట ఏడు ఫ్రీ త్రోలు వేస్తే ‘ప్రొఫెషనల్ స్థాయి’ అని. ఒకడు వేసేశాడు. ఒప్పుకోవాలా?

జవాబు: ఒప్పుకోనక్కర్లేదు. అసలు సత్తా సగానికి సగమే ఉన్నవాడు కూడా పది వేస్తే, ఏడో అంతకు మించో పడే అవకాశం 17 శాతం. అంటే ఆరుగురు స్నేహితులు ప్రయత్నిస్తే వాళ్లలో ఒకడు అదృష్టం మీదే గెలుస్తాడు. అదే వంద వేయమంటే, సగం సత్తా ఉన్నవాడు 70 దాటడం లక్షలో నాలుగు సార్లు కూడా జరగదు. కాబట్టి పందెం వందకు మార్చండి. ఎన్ని వేయాలో ముందే రాసుకోండి, ‘ఇది ప్రాక్టీస్’ అని తర్వాత తీసేయడం కుదరదు. ఒళ్లు వేడెక్కడానికి అందరికీ ఒకే సమయం, ఒకే బంతి. లెక్క ఇంకొకరు రాయాలి. వేరే రోజు మళ్లీ వంద వేయించి, రెండు అంకెల్లో తక్కువదాన్నే తీసుకోండి.

ప్రశ్న: బౌండరీ దగ్గర పైకి లేచిన క్యాచ్‌ను వదిలేస్తే అందరం ‘నేను పట్టేవాణ్ణి’ అంటాం. నిజంగా పట్టగలమా?

జవాబు: నిలబడ్డ చోటికే వస్తే కొన్ని పట్టగలరు. 30 మీటర్ల ఎత్తు నుంచి బంతి దిగడానికి రెండున్నర సెకన్లు పడుతుంది, చేతికి తగిలేటప్పుడు వేగం గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చేతులు గట్టిగా పెడితే బంతి ఎగిరి బయటపడుతుంది.

అసలు కష్టం పట్టడంలో కాదు, కిందికి చేరడంలో. బంతి లేవగానే ముందుకు పరుగెత్తడం కొత్తవాళ్ల అలవాటు. సగం దారిలో అది తల మీదుగా పోతోందని తెలుస్తుంది. మంచి ఫీల్డర్ బంతి ఎక్కడ పడుతుందో లెక్క కట్టడు. కంటికి అది పైకి లేచే తీరును గమనిస్తాడు. లేచే వేగం పెరుగుతున్నట్టు కనిపిస్తే వెనక్కి, తగ్గిపోతుంటే ముందుకు. ఒకే తీరుగా లేస్తున్నట్టు కనిపించేలా పరుగెడుతూ ఉంటే కాళ్లే సరైన చోటికి తీసుకెళ్తాయి. మొదటి సెకను కదలకుండా చూసి బయల్దేరడం మేలు.

టెన్నిస్ బంతితో మొదలుపెట్టండి. రాకెట్‌తో స్నేహితుడు పైకి కొడితే, మొదట 10 మీటర్ల పరిధిలో, తర్వాత 20 మీటర్ల పరిధిలో. లెదర్ బంతికి వెళ్లాక కొన్నాళ్లు కీపింగ్ గ్లవ్స్ వేసుకోవడం నామోషీ కాదు. రెండు చిటికెన వేళ్లూ ఒకదాని పక్కన ఒకటి ఆన్చి, చేతులు కళ్ల ఎత్తులో పెట్టి, బంతి తగలగానే ఛాతీ దాకా వెనక్కి తీసుకోవాలి. వేళ్ల కొనలు బంతికి ఎదురుగా ఉంచితే గోళ్లు లేచిపోతాయి, కీళ్లు తప్పుతాయి. ఎదురెండలో అయితే ఒక చేత్తో సూర్యుడికి అడ్డం పెట్టుకుని, ఆ చేతి అంచు మీదుగా బంతిని చూస్తూ, చివరి క్షణంలో రెండు చేతులూ కలపాలి.